ఒకే పానవట్టం మీద ఇద్దరు

31 ఏళ్లు పంపు చప్పుడు వింటూ బతికినవాణ్ని. బెల్లంపల్లి బాయిలో మొదలుపెట్టి గోదావరిఖనిలో దిగిపోయేదాకా పంప్ ఖలాసినే. బొగ్గుబాయిలో నీళ్ల ఊటకు పండగ లేదు, సమ్మె లేదు. అందరూ గేటు ముందు కూర్చున్నా సంపు దగ్గర ఒకడుండాల్సిందే. అక్కడ పని చేతులది కాదు, చెవులది. పంపుకు గాలి పట్టిందంటే మీటరు చెప్పకముందే చప్పుడు మారుతుంది. కునుకులో ఉన్నా తెలిసిపోతుంది.

ఆ చెవే ఈ వయసులో నన్ను పడుకోనివ్వలేదు.

మా ఇంటామె రెండుసార్లు కళ్లు తిరిగి పడింది. రెండోసారి వాకిట్లో సాన్పి చల్లుతూ పడింది. కరీంనగర్ తీసుకుపోతే నాడి నిమిషానికి 34. హార్ట్ బ్లాక్ అన్నారు. ఆ మాట చెవిన పడ్డ ప్రతి చుట్టమూ 'స్టెంట్ ఏసిండ్రా?' అనే అడిగాడు. స్టెంట్ పైపులైను పని, ఇది కరెంటు పని. గుండె పై గదిలో పుట్టిన కరెంటు కింది గదికి దిగే దారిలో తెగిపోయింది, అంతే. ఎడమ మెడఎముక కింద చర్మం లోపల పేస్‌మేకర్ అనే, అగ్గిపెట్టె కంటే చిన్న డబ్బీ ఒకటి పెట్టి, రక్తనాళంలోంచి గుండెలోకి తీగలు దింపారు. ఎడమ చెయ్యి భుజం దాటి ఎత్తొద్దు, ఫోను ఆ డబ్బీ దగ్గర పెట్టొద్దు అని చెప్పి పంపారు. ఆమె ఫోను ఉండేది రవికెలోనే. ఆపరేషన్ కన్నా ఆ అలవాటు మాన్పించడమే కష్టమైంది.

నాలుగో రాత్రి మొదలైంది. ఎడమ పక్కకు ఒత్తిగిలితే పక్కటెముకల కింద కండ టక్కు టక్కుమని ఎగిరిపడేది. ఎక్కిళ్లేమో అనుకున్నాం. ఎక్కిళ్లకు ఇంత కొలత ఉండదు. ఒక చెయ్యి ఆమె డొక్క మీద, ఒక చెయ్యి మణికట్టు మీద పెట్టి చూశాను. రెండూ జోడీగా నడుస్తున్నాయి. ఇచ్చిన కాయిదాల్లో ఇట్లాంటిది జరగొచ్చని ఒక్క ముక్క లేదు. ఫోను చేస్తే 'కొత్తల అట్లనే ఉంటది, వారం అయినంక రండి' అన్నారెవరో. ఆపరేషన్ ముందు నా చేత అన్ని సంతకాలు పెట్టించుకున్నవాళ్లు ఈ ఒక్క మాట ఎందుకు చెప్పలేదో నాకిప్పటికీ అర్థం కాదు.

తెల్లారేసరికి వాడకట్టంతా తలో కారణం చెప్పింది. వేములవాడ రాజన్నకు కోడెను కడతామని మొక్కి మరిచిపోయామని ఒకామె. ధర్మపురి పోయి యముడి గుడిలో గండదీపంలో నూనె పోసి రమ్మని ఇంకొకాయన. వాటికంటే మా ఇంటామె అడిగిన మాటే నన్ను పట్టుకుంది.

"ఇది కొట్టిస్తే కొట్టుకునే గుండె నాదెట్లయితదయ్యా? గుండెల దేవుడుంటడని గదా అంటరు. ఇప్పుడు ఆయన ఏడ కూసున్నడు?"

భజన మండలిలో పంతులు గారు ఆమెకు గీత 18వ అధ్యాయంలోని 61వ శ్లోకం గుర్తుచేశారు. ఈశ్వరుడు అన్ని ప్రాణుల గుండెల్లో ఉండి, యంత్రం మీద ఎక్కించినట్టు మాయతో తిప్పుతుంటాడని దాని భావం. అక్కడ శంకరులు చెక్కబొమ్మల పోలిక తెచ్చారట. యంత్రం అనే మాట గీతలోనే ఉందని తెలిసి ఆమె కొంచెం నిమ్మళించింది. నాకు మాత్రం కొత్త చిక్కు పడింది. తిప్పేవాడు ఆయనే అయితే ఈ డొక్క ఎగరడం కూడా ఆయన లెక్కేనా? మరిచిపోయిన మొక్కుకు ఇది జుర్మానానా?

కాదనే అనుకున్నాను. మా బాయి మీద మైసమ్మ గుడి ఉండేది. దండం పెట్టకుండా ఎవడూ కిందికి దిగడు, నేనూ దిగలేదు. కానీ పంపు నీళ్లు ఎత్తడం మానేస్తే మైసమ్మకు కోపమొచ్చిందని ఒక్క ఓవర్‌మన్ అనగా వినలేదు. ఫుట్ వాల్వ్ చూసేవాళ్లం. దండమూ పెట్టాం, వాల్వూ చూశాం. ఒకదాని పని ఇంకొకదాని నెత్తిన పెట్టలేదు. తప్పు జరిగిన ప్రతిచోటా దేవుడి సైగ వెతకడం భక్తి కింద లెక్కవేస్తారు గానీ, నాకది ఆయన మీద చాడీ చెప్పినట్టే ఉంటుంది.

ఆ రాత్రుల్లో మా అబ్బాయి ఫోనులో చదివి ఒక సంగతి చెప్పాడు. మనిషి ఒంట్లో మొట్టమొదటి పేస్‌మేకర్ పెట్టింది 1958 అక్టోబరు 8న, స్వీడన్ స్టాక్‌హోమ్‌లో. రోగి ఆర్నె లార్సన్‌కు 43 ఏళ్లు, రోజుకు ఎన్నోసార్లు స్పృహ తప్పేవాడు. డాక్టర్ ఓకె సెన్నింగ్, ఇంజనీరు రూనె ఎల్మ్‌క్విస్ట్ ఇంకా మనుషులకు పెట్టే దశకే రాలేదు. లార్సన్ భార్య ఎల్సె మారీ ఇద్దరి గుమ్మాలూ వదలకుండా తిరిగి ఒప్పించింది. బూటు పాలిష్ డబ్బాను అచ్చుగా పెట్టి పోసిన ఆ యంత్రం కొన్ని గంటలకే ఆగిపోయింది. ఇంకోటి పెట్టారు. బతికినన్నాళ్లలో ఆయనకు 26 మార్చారట. 86 ఏళ్లు బతికి, తనకు ప్రాణం పోసిన డాక్టరూ ఇంజనీరూ పోయాకే, 2001లో పోయాడు. నాకు అందరికన్నా ఆ ఎల్సె మారీ నచ్చింది. రాని పిలుపు కోసం ఎదురుచూడకుండా పోయి గుమ్మంలో నిలబడ్డది. అది తపస్సు కాదంటే నేనొప్పుకోను.

వారం ఆగొద్దు, పొద్దున్నే పోదామన్నాను. ముందు మొక్కు తీర్చాలంది మా ఇంటామె. మాటా మాటా పెరిగింది. కాసేపటికి ఆమే తీర్పు చెప్పింది.

"కాళేశ్వరంల ముందుగాల ఎవరికి మొక్కుతం? యమునికే గద. అయితే ముందు దవాఖానకే పా."

కాళేశ్వరం గుళ్లో ఒకే పానవట్టం మీద రెండు లింగాలు. ఒకటి కాలుడు, ఒకటి ముక్తీశ్వరుడు. ముక్తీశ్వరుడు వచ్చినవాడికల్లా ముక్తి ఇచ్చేస్తుంటే యముడికి పని లేకుండా పోయిందట. ఆయన తపస్సు చేస్తే శివుడు పక్కనే చోటిచ్చి, ముందు మొక్కు నీకే అన్నాడట. దవాఖానను యముడి ఖాతాలో వేసిన ఆమె లెక్క డాక్టర్లకు నచ్చకపోవచ్చు.

కరీంనగర్‌లో ఎక్స్‌రే తీసి, తీగ కదల్లేదన్నారు. ఒక కుర్ర టెక్నీషియన్ డబ్బీ మీద మౌస్ లాంటిది ఆనించి, ముందున్న తెర మీద అంకెలు తగ్గిస్తూ పోయాడు. ఒకచోట టక్కున ఎగరడం ఆగింది. కొత్తలో తీగ మొన దగ్గర వాపు ఉంటుందని కరెంటు కాస్త ఎక్కువే పెడతారట. అది గుండె దాటి, ఊపిరి ఆడించే కండరానికీ తగిలింది. మూడు రాత్రుల మా భయం ఒక్క అంకె తేడా. కోపమూ వచ్చింది, నవ్వూ వచ్చింది.

"ఇది ఎప్పుడూ కొడుతనే ఉంటదా?" అని అడిగాను.

"లేదు తాతా. ముందు వింటది. గుండె తనంతట తాను కొట్టుకుంటే ఊకుంటది. కొంచెం సేపు చూసి, కొట్టుకోకపోతేనే ఇది కొడుతది."

ఆ మాట దగ్గర నేను కుర్చీలో కూలబడ్డాను. అది నా పనే. చీకట్లో సంపు పక్కన చెవి పెట్టి, అంతా సవ్యంగా ఉన్నంతసేపు ఏమీ చేయకుండా కూర్చోవడం. ఏమీ చేయనందుకే నాకు జీతమిస్తున్నారని బాయిలో ఎంతమంది ఎక్కిరించలేదు! ఆమె గుండెలో దేవుడు ఏడ కూర్చున్నాడో నాకు తెలియదు. ఆ డబ్బీ ఆయన కాదు, అదీ తెలుసు. కానీ ఆయన ఉంటే, బొమ్మలాటవాడిలా తిప్పుతూ కాదు, ఒక ఖలాసిలా చెవి ఒగ్గి ఊరుకుంటాడేమో అనిపించింది. పంతులు గారితో అంటే శ్లోకం అట్లా చెప్పదన్నారు. చెప్పదు, నిజమే.

నెలన్నరకు కాళేశ్వరం పోయాం. ప్రాణహిత వచ్చి గోదావరిలో కలిసేచోట మెట్ల మీద కూర్చున్నాక అడిగింది.

"నన్ను కాలవెట్టేముందు దీన్ని తీసెయ్యాలెనట గద. లేకుంటే మంటల పేలుతదట."

ఆ సంగతి ఆమెకు తెలియకూడదని కాయిదం దాచింది నేనే.

"నీకెవరు చెప్పిండ్రే?"

"నీ అంగీ జేబులు చూసి ఉతికేదెవరు?" అని, కాసేపు ఆగి, "తీసినంక గోదావరిల కలుపకు. ఎవరికన్న పనికొస్తదేమో అడుగు" అంది.

నేనేం మాట్లాడలేదు. ఆమె నీళ్లలోకి దిగి, ఎడమ చెయ్యి ఒంటికి ఆనించుకునే, కుడి చేత్తో చెంబు ముంచి నెత్తిన పోసుకుంది.