లెక్కలోకి రాని తూటా

డాలస్‌లో మా పక్కింటాయన రిటైరయ్యాక పెట్టుకున్న వ్యాపకం ఒకటే. వంద గజాల దూరంలో ఉన్న కాగితం మీద ఐదు తూటాలూ ఒకే చిల్లులోంచి వెళ్ళేలా కాల్చడం. దీన్ని బెంచ్‌రెస్ట్ అంటారు. సిమెంటు బల్ల మీద ముందు ఒక స్టాండు, వెనక ఒక ఇసక సంచి పెట్టి, వాటి మీద రైఫిల్ ఆనించి, స్టూలు మీద కూర్చుని కాలుస్తారు. చేతి వణుకుని ఆటలోంచి వీలైనంత తీసేశారన్నమాట. మిగిలేవి రైఫిలూ, తూటా, గాలి, మనిషి బుర్ర.

అమెరికాలో ఉంటూ తుపాకుల గురించి ఇంత ముచ్చటగా రాస్తున్నాడేంటని మీకు అనిపించొచ్చు. నాకూ అనిపించింది. స్కూల్లో కాల్పుల వార్త చూసిన వారంలోనే ఆయన గరాజ్‌లోకి వెళ్ళడం ఇబ్బందిగానే ఉండింది. ఆ ఇబ్బంది ఇప్పటికీ పోలేదు. నేను కాల్చను, పక్కన కూర్చుని చూస్తాను. అలా చూస్తున్నప్పుడు నా ఉద్యోగంలో చేసిన ఒక పాత తప్పు గుర్తొచ్చింది. అది చెప్పడానికే ఇదంతా.

ఈ ఆటలో షాపులో కొన్న తూటాలు పనికిరావు. ఎవరివి వాళ్ళే తయారుచేసుకుంటారు. పేలిన తూటా ఇత్తడి డొల్లని పారేయకుండా మళ్ళీ కొలతకి నొక్కి, కొత్త ప్రైమర్ పెట్టి, మందు పోసి, బుల్లెట్ కూర్చుతారు. డొల్ల మెడ గోడ చుట్టూ ఒకే మందంలో ఉండాలని సన్నటి పొర చెక్కుతారు. ఆ తేడాని అంగుళంలో పదివేలవంతుల్లో కొలుస్తారు. దగ్గరి దూరాల పోటీల్లో ఎక్కువమంది వాడే 6 పీపీసీ తూటాని 1975లో లూ పాల్మిసానో అనే సర్జన్, ఫెర్రిస్ పిండెల్ అనే టూల్‌మేకర్ కలిసి తయారుచేశారు. పొద్దున్నుంచి మధ్యాహ్నానికి వేడీ తేమా మారిపోతాయి కాబట్టి చాలామంది రేంజ్ దగ్గరే, ఒక మ్యాచ్‌కీ ఇంకో మ్యాచ్‌కీ మధ్య, తూటాలు నింపుకుంటారు. కొత్త మోతాదుని కాల్చి చూడడాన్ని మా పక్కింటాయన ‘లోడ్ టెస్ట్’ అంటాడు. మొదటిసారి విన్నప్పుడు నవ్వొచ్చింది. నా పనికీ అదే పేరు.

కొన్నేళ్ళ క్రితం ఒక పేమెంట్ సిస్టమ్‌కి లోడ్ టెస్ట్ చేసే బాధ్యత నాది. పదిసార్లు నడిపాను. ఎనిమిదిసార్లు బ్రహ్మాండంగా వచ్చింది. రెండుసార్లు మాత్రం మధ్యలో కొన్ని సెకన్లు మొత్తం బిగుసుకుపోయింది. దానికి నా దగ్గర కారణం రెడీగా ఉంది: టెస్ట్ నెట్‌వర్క్‌లో ఏదో గోల. ఆ రెండూ తీసేసి ఎనిమిదింటి సగటు రిపోర్ట్‌లో పెట్టాను. మూడు వారాల తర్వాత లైవ్‌లో సరిగ్గా అలాగే బిగుసుకుపోయింది. ఆ రాత్రి డ్యూటీలో ఉన్నది హైదరాబాద్ టీమ్‌లో కొత్తగా చేరిన కుర్రాడు. ఫోన్ చేసి, “అన్నా, టెస్ట్‌లో ఇలా ఎప్పుడైనా వచ్చిందా?” అనడిగాడు. “రిపోర్ట్ చూశావుగా” అన్నాను. తర్వాత జరిగిన రివ్యూలో, సమయానికి స్పందించలేదన్న మాట అతని మీద పడింది. నేను ఆ కాల్‌లోనే ఉన్నాను, మ్యూట్‌లో.

ఇది అబద్ధమా? రిపోర్ట్‌లో ఒక్క అంకె కూడా కల్పించలేదు. ఫోన్‌లో అన్న మాటలోనూ అసత్యం లేదు. ఇలాంటప్పుడు మనకి వెంటనే గుర్తొచ్చేది ధర్మరాజు, అశ్వత్థామ అనే ఏనుగు. నాలుగంగుళాల ఎత్తున నడిచే రథం ఆ మాటతో నేలకి దిగింది. అయితే ధర్మరాజుకి తనేం చేస్తున్నాడో ఆ క్షణంలో తెలుసు. నాకు ఫోన్ వచ్చేసరికి తెలుసు గానీ, ఆ రెండు ఫలితాలూ తీసేసేటప్పుడు తెలీదు. చెత్త ఊడుస్తున్నాననుకున్నాను. ఇప్పటికీ నన్ను భయపెట్టేది అదే.

షూటర్లకీ ఈ జబ్బు ఉంది. నాలుగు తూటాలు ఒకే చిల్లు, ఐదోది పక్కకి. దాన్ని ‘ఫ్లయర్’ అంటారు. ఆ ఐదోదాన్ని బొటనవేలితో మూసి “చూడు, నా రైఫిల్ ఎలా కాలుస్తుందో” అనడం గరాజ్‌లో మామూలే. పోటీలో కుదరదు. అక్కడ గ్రూప్ సైజు అంటే అన్నిటికన్నా దూరంగా ఉన్న రెండు చిల్లుల మధ్య దూరం. నాలుగు ఎంత బాగా పడ్డా, అంకెని నిర్ణయించేది చెడ్డదే. 1973లో మాక్ మెక్‌మిలన్ వంద గజాల్లో కాల్చిన 0.009 అంగుళం గ్రూప్ నలభై ఏళ్ళు రికార్డుగా నిలిచింది. 2013లో మైక్ స్టినెట్ 0.0077తో దాన్ని దాటాడు. అంటే మిల్లీమీటర్‌లో ఐదో వంతు. చిల్లులు అలా ఒకదాని మీద ఒకటి పడితే, కాల్చింది ఐదా నాలుగా అని ఎలా తెలుస్తుంది? అందుకని టార్గెట్ వెనక ఇంకో కాగితం మెల్లగా కదులుతూ ఉంటుంది. ముందు ఒకే చిల్లు కనిపించినా, వెనక ఐదూ విడివిడిగా పడతాయి.

నన్ను కదిలించింది ఇంతకన్నా మామూలు నియమం. టార్గెట్ కాగితం మీద రెండు గళ్ళుంటాయి. ఒకదాంట్లో గాలి చూసుకోవడానికి ఎన్నైనా కాల్చుకోవచ్చు. రెండోదాంట్లో కాల్చిన ఐదూ లెక్కే. అన్నీ కలిపి ఏడు నిమిషాలు. ఏది ప్రాక్టీసో ఏది లెక్కో ట్రిగ్గర్ నొక్కకముందే తేలిపోవాలి. ఎక్కడ పడిందో చూశాక “ఇది ప్రాక్టీసులే” అనడానికి లేదు.

నిజంగానే గాలి వల్ల అయితే? అవ్వొచ్చు. 1980ల్లో హ్యూస్టన్‌లో కొందరు షూటర్లు గాలి సంగతి తేల్చుకుందామని ఒక పెద్ద గోడౌన్ లోపల కాల్చి చూశారు. గాలి మీద అనుమానం ఉంటే గాలి లేనిచోట మళ్ళీ కాల్చడం సరైన దారి. నేనూ నెట్‌వర్క్ మార్చి ఇంకోసారి నడపొచ్చు. ఒక పూట పని. కారణం చెప్పడానికీ, ఆ కారణాన్ని పరీక్షించడానికీ మధ్య నాకు అడ్డొచ్చింది ఆ ఒక్క పూటే. ఇంకో సంగతి. గ్రూప్ బాగా పడ్డప్పుడు “గాలి కలిసొచ్చింది, దీన్ని తీసేయండి” అని ఎవరూ అనరు. బాగా వచ్చిన ఆ ఎనిమిదింటినీ నేను ఒక్క క్షణం కూడా అనుమానించలేదు. మనకి నచ్చనివాటినే పరీక్షకి నిలబెట్టి, నచ్చినవాటిని ఊరికే లోపలికి రానిస్తే, విడివిడిగా ప్రతి అంకే నిజమైనా మొత్తం అబద్ధమే అవుతుంది.

గత నెల ఆ కుర్రాడికి మెసేజ్ పెట్టాను. ఇప్పుడు కుర్రాడేం కాదు, వేరేచోట లీడ్. తీసేసిన రెండు టెస్టుల సంగతీ రాశాను. రెండు రోజులయ్యాక జవాబొచ్చింది.

“అప్పుడే అనుకున్నా అన్నా.”

క్షమించాడో లేదో అందులో లేదు. నేను అడగలేదు.