ఓదార్పు అబద్ధమా?

కళాకారుడు తనకు తెలిసిన నిజాన్ని తెలిసినంత కఠినంగానూ చెప్పి తీరాలా, లేక చూసేవాడి గుండె తట్టుకోగలిగినంత మేరకు చెప్పితే చాలునా? అభ్యుదయ సాహిత్యం పుట్టిన నాటినుంచీ ఈ తగవు ఉన్నది. కథ చివర కూలివాడు గెలిస్తే "ఇది పగటికల" అన్నారు. ఓడితే "ఇది నిరాశావాదం" అన్నారు. రెండు పక్షాలవారూ పాఠకుణ్ణి మాత్రం లెక్కలోకి తీసుకోలేదు. హాస్యగాడికి అలా కుదరదు. ఎదటివాడు ఊపిరి ఎక్కడ బిగబడతాడో, ఎక్కడ వదులుతాడో తెలియకపోతే హాస్యగాడికి పూట గడవదు.

అందుచేత ఒక హాస్యగాడు సినిమా రచయితా, దర్శకుడూ అయి ఈ ప్రశ్నకు ఏం జవాబు చెప్పాడో చూడటం ఉపయోగం. అతను అమెరికా దేశస్థుడు జోర్డన్ పీల్. 1979లో న్యూయార్కులో పుట్టాడు. తండ్రి నల్లవాడు, తల్లి తెల్లజాతి స్త్రీ. 2012 నుంచి 2015 దాకా కీగన్-మైకేల్ కీ అనే మిత్రుడితో కలిసి టెలివిజన్‌లో హాస్యనాటికలు నడిపాడు. అందులో ఒకటి చెబుతాను. పీల్ అధ్యక్షుడు ఒబామాగా కూర్చుని ఎంతో మర్యాదగా, నింపాదిగా మాట్లాడతాడు. వెనక నిలబడ్డ కీ చిందులు తొక్కుతూ, కేకలు వేస్తూ అధ్యక్షుడి కోపాన్ని అనువాదం చేస్తాడు. దేశంలోకెల్లా పెద్ద పదవిలో ఉన్న నల్లవాడికి కూడా తన కోపం తాను పడే స్వేచ్ఛ లేదు, దానికో మనిషిని పెట్టుకోవాలి! చూస్తే నవ్వు వస్తుంది. ఆ నవ్వు తేలిక నవ్వు కాదు.

పీల్ మొదటి సినిమా 'గెట్ అవుట్' 2017లో వచ్చింది. క్రిస్ అనే నల్ల ఫొటోగ్రాఫరు తన తెల్ల ప్రియురాలి పుట్టింటికి చుట్టపుచూపుగా వెళతాడు. వాళ్ళు పైకి జాతిద్వేషులు కారు. వీలుంటే ఒబామాకు మూడోసారీ ఓటు వేసి ఉండేవాణ్ణనే రకం మనిషి ఆమె తండ్రి. విందుకు వచ్చిన పెద్దమనుషులు క్రిస్ కండలు చూసి మురిసిపోతారు. అసలు సంగతి తరవాత బయటపడుతుంది: అతని శరీరాన్ని వేలం వేసి, అందులో ఒక తెల్లవాడి మెదడు అమర్చబోతున్నారు. వేలంలో పాటలుండవు, బింగో చీట్లు ఎత్తి చూపుతారు, అంతే. పాడుకున్నది ఒక గుడ్డివాడు, చిత్రాల వ్యాపారి. అతనికి కావలసినవి క్రిస్ కళ్ళు.

అన్యాయమంతా ద్వేషంలోనే ఉన్నదనుకునే ఉదారవాదులకు ఇక్కడ జవాబు ఉన్నది. సంతలో ఎద్దును కొనేవాడికి ఎద్దు మీద ద్వేషమేముంటుంది? మూపురం నిమురుతాడు, పళ్ళు చూస్తాడు, ముచ్చటపడతాడు. మెచ్చుకుంటూనే మనిషిని సరుకు చెయ్యవచ్చు.

ఇక ముగింపు. ఆ ఇంటినుంచి బతికి బయటపడ్డ క్రిస్, తనను కాల్చి చంపబోయిన ప్రియురాలి గొంతు మీద చేతులు వేసి ఉంటాడు. రోడ్డు మీద ఎరుపు, నీలం దీపాలు మెరుస్తూ ఒక కారు వచ్చి ఆగుతుంది. పీల్ మొదట రాసిన ప్రకారం, తీసిన ప్రకారం కూడా, దిగినవాళ్ళు పోలీసులు. క్రిస్ జైలు పాలవుతాడు. సినిమాహాళ్ళకు వచ్చింది అది కాదు. కారులోంచి దిగింది క్రిస్ స్నేహితుడు రాడ్, విమానాశ్రయంలో తనిఖీ ఉద్యోగి. కథలో విదూషకుడు అతనే. ఈ ఇంట్లో ఏదో మోసముందని మొదటినుంచీ మొత్తుకున్నదీ అతనే. పోలీసులకు చెప్పుకోబోతే వాళ్ళు పగలబడి నవ్వారు.

ఎందుకు మార్చాడు? ఒబామా కాలంలో అమెరికా తనలో జాతిభేదం పోయిందని తనకు తానే అబద్ధం చెప్పుకుంటున్నది. ఆ అబద్ధాన్ని పగలగొట్టడానికి జైలు ముగింపు రాశానని పీల్ చెప్పాడు. ఆలోగా 2012లో ఫ్లోరిడాలో ట్రేవాన్ మార్టిన్, 2014లో ఫెర్గుసన్‌లో మైకేల్ బ్రౌన్, నిరాయుధులైన నల్ల యువకులు, తుపాకికి బలి అయ్యారు. తెలిసిన గాయాన్ని మళ్ళీ కెలకడం కన్న, జనానికి ఒక వీరుడు బతికి బయటపడటం అవసరమనిపించిందట.

ఇది మార్కెట్టుకు లొంగిపోవడమని ఆక్షేపించవచ్చు. 45 లక్షల డాలర్లతో తీసిన సినిమాకు 25 కోట్లకు పైగా వసూలయితే ఆ అనుమానం సహజమే. కాని దీపాలు కనిపించిన క్షణానికీ, కారు తలుపు తెరుచుకున్న క్షణానికీ మధ్య ఏం జరిగిందో ఆలోచించండి. జరగబోయేది ఏమిటో ప్రేక్షకుడికి ఎవరూ చెప్పలేదు. తనంతట తానే అనుకున్నాడు: అయిపోయింది, పట్టుకుపోతారు. జీవితంలో ఎన్నడూ పోలీసుకు భయపడనవసరం లేని తెల్ల కుర్రవాడు కూడా ఆ కొద్ది సెకండ్లూ నల్లవాడి భయంతో కూర్చున్నాడు. మొదటి ముగింపు అతనికి నిజాన్ని తెరమీద చూపి ఉండేది. రెండోది అతని నోటనే పలికించింది. హాస్యోక్తిలో సగం వినేవాడు పూరిస్తాడన్నది హాస్యగాళ్ళకు తెలిసిన విద్యే. కనక ఈ ఓదార్పు అబద్ధం కాదని నా అభిప్రాయం.

అయినా ఒక చిక్కు మిగిలింది. ఊపిరి వదిలినవాళ్ళలో ఆ విందుకు వచ్చిన పెద్దమనుషుల వంటివారూ ఉంటారు. వాళ్ళూ చప్పట్లు కొట్టి, తాము క్రిస్ పక్షమేననుకుంటూ ఇంటికి పోగలరు. గోల్డెన్ గ్లోబ్ బహుమతుల వాళ్ళు ఈ సినిమాను హాస్యచిత్రాల పద్దులో వేశారు. ఇది డాక్యుమెంటరీ అని పీల్ వేళాకోళంగా జవాబిచ్చాడు. 2018 మార్చిలో ఆస్కార్ వారు 90వ సారి బహుమతులిస్తూ మౌలిక చిత్రరచనకు అతన్ని ఎంచారు. ఆ బహుమతి నల్లవాడికి దక్కటం అదే మొదలు.

పీల్‌కు ఈ చిక్కు తెలుసనే నేననుకుంటాను. 2019లో వచ్చిన 'అస్'లో నేలకింద సొరంగాలలో, వెలుగు ఎరగక బతికే ప్రతిరూపాలు పైకి వచ్చి, సుఖంగా ఉన్నవాళ్ళ మీద పడతాయి. కుటుంబాన్ని కాపాడుకున్న తల్లి గెలిచిందని మనం ఊపిరి వదలబోతాం. అంతలో తెలుస్తుంది: ఆమే చిన్ననాడు కిందనుంచి వచ్చి, పైనున్న పిల్లను సొరంగంలోకి తోసి, ఆ పిల్ల స్థానంలో పెరిగిన మనిషి. అంబులెన్సు నడుపుతూ ఆమె కొడుకువంక చూసి నవ్వుతుంది. ఆ పిల్లవాడు ఆమెను కాసేపు చూసి, నుదుటి మీది ముసుగును ముఖం మీదికి లాక్కుంటాడు.