కౌంటర్‌కు ఇవతల, అవతల



ఉప్పల్‌లో గాని నాచారంలో గాని ఒకప్పుడు ఇల్లు కిరాయికి తీసుకున్నోళ్లు మొదట అడిగేది రెండే: నల్లా ఎప్పుడొస్తది, ఉద్దెర ఇచ్చే కిరాణం ఎక్కడుంది. నాచారం పారిశ్రామికవాడలో జీతం నెలకోసారి. ఉప్పు, పప్పు, నూనె మాత్రం రోజూ కావాలి. ఆ నడుమ రోజులను నెట్టుకొచ్చింది సేటు దగ్గరి ఖాతా పుస్తకమే. 2007లో ఉప్పల్ కలాన్ మున్సిపాలిటీ జీహెచ్ఎంసీలో కలిసింది. 2017 నవంబర్‌లో నాగోల్ నుంచి ఉప్పల్ మీదుగా మెట్రో నడిచింది. 2023లో రింగ్ రోడ్డు దగ్గర స్కైవాక్ వచ్చింది. ఇప్పుడు ఆ చుట్టుపక్కలంతా ఏసీ బట్టల షాపులు, సూపర్ మార్కెట్లు, మొబైల్ షోరూంలు. అవి కూడా పాతబడుతున్నాయి. ఫోన్‌లో నొక్కితే పావుగంటలో ఉల్లిగడ్డ గుమ్మం ముందుంటది.

ఇది చూసి నిట్టూర్చేవాళ్లు చాలామంది ఉన్నారు. పాత కిరాణంలో ఆత్మీయత ఉండేదట, పేరు పెట్టి పిలిచేవాళ్లట. నిజమే, పేరు తెలుసు. పేరుతోపాటు వాడ తెలుసు, కులం తెలుసు. మన పెద్దలు ఊర్లో దుకాణం అరుగు కింద నిలబడి, పైసలు దూరంగా పెట్టి, పైనుంచి కొంగులోకి జారవిడిచిన బెల్లం ముక్క అందుకున్నోళ్లు. వాళ్ల ముందు ఆ ఆత్మీయత మాట ఎత్తకండి. 1930లో బొంబాయి ప్రభుత్వానికి స్టార్టే కమిటీ ఒక నివేదిక ఇచ్చింది. బాబాసాహెబ్ అందులో సభ్యులు. హక్కు అడిగిన అంటరానివాళ్లకు నిత్యావసరాలు అమ్మొద్దని ఊరి దుకాణదారుకు పెద్దకులాలోళ్లు ఎట్ల హుకుం వేసేవాళ్లో అందులో రాసి ఉంది. కొట్టక్కర్లేదు, తిట్టక్కర్లేదు. ఉప్పు అమ్మకుంటే చాలు.

అందుకే మన రాజ్యాంగం 15వ అధికరణలో దుకాణం అన్న మాట పేరుపేరునా ఉంది. 1948 నవంబర్ 29న రాజ్యాంగ సభలో దాని మీద చర్చ వచ్చినప్పుడు బాబాసాహెబ్ ఆ మాటకు చాలా విశాలమైన అర్థం చెప్పారు. గడప లోపలికి రానివ్వడం ఒక్కటే కాదు, షరతులకు ఒప్పుకున్న ఎవరికైనా అక్కడి సేవ కూడా అందాలి అన్నది ఆ అర్థం.

ఈ లెక్కన సూపర్ మార్కెట్ మనకు చిన్న సంగతి కాదు. బియ్యం మన చేత్తో మనమే తాకి చూస్తం. ధర చదువుకుంటం. నచ్చకపోతే అక్కడే పెట్టి వస్తం. బార్‌కోడ్ మిషన్ ఇంటిపేరు అడగదు. మాల్ సంస్కృతి అంటూ మనకు నీతులు చెప్పేవాళ్ల మాట నేను సగమే వింట. 1927 డిసెంబర్‌లో మహాడ్‌లో బాబాసాహెబ్ మన ఆడవాళ్లకు ఏం చెప్పారు? చీరకట్టు మార్చుకోండి, అంటరానివాళ్లమని గుర్తుపట్టించే నగలు తీసేయండి అన్నారు. 1950లో మహాబోధి పత్రికకు రాసిన వ్యాసంలో, మతం పేదరికాన్ని పవిత్రం చేయకూడదు అన్నారు. కాబట్టి మన పిల్ల మంచి బూట్లు కొనుక్కుంటే దానికి తృష్ణ అని ముందుగా మనమే పేరు పెట్టే పని లేదు.

కానీ ఉద్దెర పోయిందా? పోలేదు, ఫోన్‌లోకి ఎక్కింది. ఫ్రిజ్‌కు ఈఎంఐ, ఫోన్‌కు ఈఎంఐ, పండక్కి బట్టలు కార్డు మీద. నెలాఖరుకు లోన్ యాప్. మొన్న పౌర్ణమి వందన అయినంక ఒక పెద్దమ్మ అన్న మాట: “బిడ్డా, సేటు బాకీ అడగాలంటే గల్లీలకు రావాలె. మనం కూడ ఆయనను నాలుగు మాటలు అనెటోళ్లం. ఇప్పుడు అడిగెటోడు ఎవడో మొఖమే తెల్వదు.” కొన్ని యాప్‌లోళ్లు మన ఫోన్‌లో ఉన్న నంబర్లన్నిటికీ ఫోన్ చేసి పరువు తీస్తరు. ఊరి దుకాణం అరుగు మీద జరిగిన అవమానం దీనికంటే ఎంత వేరు?

తథాగతుడు అనాథపిండికునికి గృహస్థుని సుఖాలు నాలుగు చెప్పాడు: సంపద ఉన్న సుఖం, దాన్ని అనుభవించే సుఖం, అప్పులేని సుఖం, నిందలేని సుఖం. అనాథపిండికుడు స్వయంగా సెట్ఠి. మనం సేటు అనేది ఆ మాటనే. వ్యాపారికే అప్పులేకపోవడం సుఖం అని చెప్పాడంటే, నెలజీతగాడికి వేరే చెప్పాలా? దీఘజాణు అనే కోలియునికి చెప్పిన సుత్తంలో ఇంకా సూటిగా ఉంది. త్రాసు పట్టినవాడు ఏ పక్క ఎంత వంగిందో, ఎంత లేచిందో చూసినట్టు, రాబడిని, ఖర్చును చూసుకోమన్నాడు. గమనించండి, అక్కడే ఇంకో మాట కూడా ఉంది. బాగా రాబడి ఉండి కూడా కడుపు మాడ్చుకొని బతికేవాడిని బుద్ధుడు మెచ్చుకోలేదు. తక్కువ రాబడితో ఆడంబరం చేసేవాడిని ఎట్ల తప్పుపట్టాడో వీడినీ అట్లనే తప్పుపట్టాడు.

ఇదంతా కౌంటర్‌కు ఇవతల, కొనేవాళ్ల సంగతి. అవతల ఎవరున్నారు? బట్టల షాపులో చీరలు విప్పి చూపించే అమ్మాయి, బిల్లు కొట్టే పిల్లగాడు, ర్యాకులు సర్దే అక్క, బండి మీద సంచి తగిలించుకొని ఉరికే తమ్ముడు. చాలామంది మన వాడల నుంచి పోయినోళ్లే. గిరాకీ లేకున్నా కూర్చోనియ్యని షాపులున్నయి. కేరళలో కోజికోడ్ బట్టల షాపుల ఆడవాళ్లు ఏండ్ల తరబడి కొట్లాడితే, 2018లో అక్కడి ప్రభుత్వం కూర్చునే హక్కును చట్టంలో పెట్టింది. 2021లో తమిళనాడు కూడా చట్టం చేసింది. కుర్చీ కోసం చట్టం! 15వ అధికరణ మనను షాపు లోపలికి తెచ్చింది. లోపల పని చేసేవాళ్ల కాళ్ల నొప్పి దాకా అది పోలేదు.

ధమ్మం అక్కడిదాకా పోయింది. సిగాలోవాద సుత్తంలో, ఆరు దిక్కులకు మొక్కుతున్న సిగాలునికి బుద్ధుడు ఆ దిక్కులంటే మనుషులని చెప్పాడు. కింది దిక్కు పనివాళ్లు. వాళ్లకు యజమాని చేయాల్సినవి ఐదు: శక్తికి తగిన పని, అన్నం జీతం, జబ్బు చేస్తే సేవ, ఇంట్లో మంచి వంట చేస్తే అందులో వాటా, సమయానికి సెలవు. మేం యజమానులం కాదు కదా అంటరేమో. పది నిమిషాల్లో పాలప్యాకెట్ రావాలని నొక్కినప్పుడు, శక్తికి తగిన పని అన్న మాట మనకూ తగులుతది. కొన్ని అపార్ట్‌మెంట్లలో డెలివరీ పిల్లలు సామాను లిఫ్టే ఎక్కాలని కాగితం అంటించి ఉంటది. ఆ అపార్ట్‌మెంట్లలో మనోళ్లూ ఉంటున్నారు. వచ్చే సొసైటీ మీటింగ్‌లో ఆ కాగితం తీసేయమని అడగాల్సింది ముందుగా మనం. నేను కొందరిని అడిగితే, కొత్తగా వచ్చినం, అప్పుడే ఎందుకు గొడవ అన్నరు. ఆ భయం నాకు అర్థమవుతుంది. కులం బయటపడుతుందన్న భయం అది. కానీ లిఫ్టు బయట నిలబడ్డ పిల్లగానికి ఆ సంగతి తెలియదు.

ఇంకొకటి. ఆదివారం ధమ్మ తరగతికి యువకులు తగ్గిపోయారని విహారాల్లో పెద్దలు కోప్పడుతున్నారు. ఆదివారమే షాపులకు గిరాకీ, ఆ రోజు వాళ్లకు సెలవు దొరకదు. మా వాడలో తరగతిని మంగళవారం రాత్రి పదింటికి మార్చినం. షాపు షట్టర్ దించి, టిఫిన్ డబ్బా చేతిలో పట్టుకొనే వస్తున్నరు. మొదట కాళ్లు చాపుకొని కాసేపు కూర్చుంటరు. త్రిశరణం ఆ తర్వాత.