ఉపవాసం, పస్తు

నా దగ్గర ఒక నంబర్ 2 బ్రౌనీ ఉంది. కోడాక్ కంపెనీ 1901లో తెచ్చిన రకం. నాది ఆ తరువాతిదే అయినా నూరేళ్లు దాటింది. అట్ట డబ్బా, ముందు ఒకే ఒక కటకం, పక్కన ఒక మీట. దూరం సరిచేసే పని లేదు. రీలుకు ఎనిమిది బొమ్మలే. ఎండ బాగా కాయాలి, డబ్బాను పొట్టకానించుకుని ఊపిరి బిగబట్టాలి. దానితోపాటే పుట్టిన 120 ఫిల్ము ఇప్పటికీ తయారవుతోంది కనుక డబ్బా ఇంకా బతికి ఉంది. వెనక ఎర్రగాజు కిటికీలో అంకె చూసి రీలు తిప్పాలి. ఆనాటి ఫిల్ముకు ఎరుపు కనబడేది కాదు, నేటి ఫిల్ముకు కనబడుతుంది. అందుకే కిటికీకి నల్లపట్టీ అంటించి, నీడలోకి వెళ్లి తిప్పుతాను.

మేల్పాడి వీధుల్లో దీనితో తిరిగే నన్ను చూసి మిత్రులు, ఎనిమిదే ఉంటే మనిషి ఆలోచించి తీస్తాడు, అదే గొప్ప అంటారు. నాకీ మాట మింగుడుపడదు. జేబులో సెల్‌ఫోను పెట్టుకుని ఎనిమిదికి కట్టుబడడం ఉపవాసం. ఇంట్లో బియ్యం ఉన్నవాడే ఉపవాసం ఉండగలడు. బతుకంతటికీ ఒకే ఒక్క ఫోటో మిగిలినవాళ్లది పస్తు. కడుపు రెండుచోట్లా ఖాళీయే, అంతమాత్రాన రెండూ ఒకటవుతాయా?

మన తెలుగిళ్ల వీధిలో ఒక అవ్వ ఈ డబ్బాను అటూ ఇటూ తిప్పి చూసింది.

"దీంట్లో బొమ్మ పడతాదా నైనా?"

"పడకపోవచ్చు కూడా అవ్వా."

"మా ఇంటాయనది ఒకటీ లే. నాదన్నా ఉంటే మనవడు సూసుకుంటాడు" అంది.

మసకగా వస్తే నాకది అందం, ఆమెకు నష్టం. చెదిరిన ముఖాన్ని నేను గోడకు తగిలించి మురిసిపోతాను. మనవడికి అవ్వ కన్నూ ముక్కూ కావాలి. నా వ్రతం కోసం ఇంకొకరిని పస్తు పెట్టే హక్కు నాకు లేదనే నా తీర్పు. ముందు ఫోనుతో తీసి చూపించాను. కొంగు సర్దుకుని మళ్లీ తీయమంటే తీశాను. ఆ తరువాతే డబ్బా. రెండు వారాలకు రెండూ అచ్చువేయించి ఇస్తే, ఫోనుది పటం కట్టించమని మనవడికిచ్చింది. డబ్బాది చూసి, "ఇది మా అమ్మ మాదిరుండాది" అని తనే దాచుకుంది. దీనికి నా తీర్పులో చోటెక్కడో ఇంకా తేలలేదు.

ఇదే ఊళ్లో, మనం నీవా అనే పొన్నై ఒడ్డున, రాజరాజ చోళుడు (985-1014) తన తాత అరింజయుడి జ్ఞాపకంగా కట్టించిన గుడి ఉంది. ఆ తాత ముఖం ఎలా ఉండేదో మనకెవరికీ తెలియదు, పేరు నిలిచింది. రాజులకు అది చాలునేమో. అవ్వకు గుడి కట్టేవాళ్లెవరు?

డబ్బాకూ ఒక మర్యాద ఉంది, కాదనను. పైనున్న చిన్న అద్దంలోకి చూడాలంటే తీసేవాడు తల వంచాలి. ఎదుటివాళ్లు నిలబడితేనే బొమ్మ నిలుస్తుంది, కనుక అడగక తప్పదు. అక్కడికక్కడ చూపించడానికేమీ ఉండదు. రీలు కడిగి చేతికిచ్చేదాకా బాకీయే. ఆ రీలులో ఇద్దరు అన్నదమ్ములున్నారు. నేను వెళ్లేసరికి గుడియాత్తం వైపు పనికి పోయారన్నారు, ఏ వీధో ఎవరూ చెప్పలేకపోయారు. వాళ్ల బొమ్మలు కవరులో పెట్టి నా సంచిలోనే ఉంచాను.