ఇనుములో ఉక్కు ముందే ఉందా?

కార్యం పుట్టకముందు కారణంలో ఉంటుందా, ఉండదా అన్నది భారతీయ దర్శనాలను శతాబ్దాల పాటు వాదులాటలో పెట్టిన ప్రశ్న. ఉంటుందన్నారు సాంఖ్యులు. నూనె నువ్వుల నుంచే వస్తుంది, ఇసుక నుంచి రాదు. కనుక అది నువ్వుల్లో అవ్యక్తంగా ముందే ఉందని వారి వాదం. దీనికి సత్కార్యవాదమని పేరు. న్యాయ వైశేషికులు ఇందుకు ఒప్పుకోలేదు. దారాల్లో వస్త్రం ముందే ఉంటే నేసేవాడికి పనేమిటని అడిగారు. వస్త్రం కొత్తగా పుట్టిన వస్తువేనని తేల్చారు. ఇది అసత్కార్యవాదం. ఛాందోగ్యోపనిషత్తు ఆరో అధ్యాయంలో ఉద్దాలకుడు కొడుకు శ్వేతకేతువుకు చెప్పిన మాట ఇంకోలా ఉంటుంది. మట్టి ముద్దను, బంగారాన్ని, ఇనుముతో చేసిన గోళ్ళు తీసే సాధనాన్ని ఉదాహరణలుగా చూపి, కారణమే సత్యమనీ, వికారం పేరుకు మాత్రమేననీ బోధిస్తాడు. అక్కడ ఉద్దేశం బ్రహ్మజ్ఞానమే తప్ప లోహవిద్య కాదు. అయినా ఉదాహరణకు ఇనుమునే తీసుకోవడం వల్ల ఒక ప్రశ్న మిగులుతుంది. ఇనుమును తెలుసుకుంటే ఇనుముతో చేసిన పనిముట్టును తెలుసుకున్నట్టేనా?

ఈ ప్రశ్నను ప్రయోగశాలలో రోజూ ఎదుర్కొనే శాస్త్రం లోహశాస్త్రం. పాలిమర్లు, సిరామిక్కులు, అర్ధవాహకాలు కూడా వచ్చి చేరడంతో ఇప్పుడది పదార్థ శాస్త్రంగా విస్తరించింది. ఈ రంగంలో పరిశోధనను జీవితవృత్తిగా ఎంచుకోదలచినవారికి పై ప్రశ్న వట్టి పాండిత్య చర్చ కాదు. తాము చేయబోయే పని ఏ తరహాదో దాని సమాధానమే నిర్ణయిస్తుంది.

మొదటి సంవత్సరం విద్యార్థి చేసే ప్రయోగం ఒకటి ఇక్కడ ఉపయోగపడుతుంది. దాదాపు 0.8 శాతం కర్బనం ఉన్న ఉక్కు కడ్డీ నుంచి రెండు ముక్కలు కోస్తారు. రెండింటినీ కొలిమిలో సుమారు 800 డిగ్రీల సెల్సియస్ వరకు వేడి చేస్తారు. ఒకదాన్ని కొలిమిలోనే మెల్లగా చల్లారనిస్తారు. రెండోదాన్ని ఎర్రగా ఉండగానే నీటిలో ముంచుతారు. మొదటిదాన్ని ఆకురాయి సులువుగా కోస్తుంది. రెండోదాని మీద ఆకురాయి జారిపోతుంది. గట్టిదనం కొలిస్తే తేడా నాలుగు రెట్ల దాకా ఉంటుంది. కానీ ఆ గట్టి ముక్కే సుత్తి దెబ్బకు గాజులా పగులుతుంది. రసాయన విశ్లేషణ చేస్తే మాత్రం రెండింటిలోనూ అదే ఇనుము, అంతే కర్బనం.

తేడా ఎక్కడుందో సూక్ష్మదర్శిని చూపిస్తుంది. ముక్కలను అద్దంలా నునుపు చేసి, ఆల్కహాల్‌లో కొద్దిగా నత్రికామ్లం కలిపిన నైటాల్ ద్రావణాన్ని కొన్ని క్షణాలు పట్టిస్తారు. మెల్లగా చల్లారిన దానిలో మెత్తని ఇనుము, గట్టి కార్బైడు పొరలు పొరలుగా పేర్చినట్టు కనిపిస్తాయి. దీన్ని పెర్లైట్ అంటారు. నీటిలో ముంచిన దానిలో సూదుల్లాంటి రూపాలు ఒకదాన్నొకటి అడ్డగిస్తూ ఉంటాయి. అది మార్టెన్సైట్. 727 డిగ్రీలు దాటాక ఈ ఉక్కులో పరమాణువుల అమరిక మారి, కర్బనం మొత్తం ఇనుములో కరిగిపోతుంది. మెల్లగా చల్లార్చితే కర్బనం విడివడి కార్బైడుగా చేరడానికి వ్యవధి దొరుకుతుంది. ఒక్కసారిగా చల్లార్చితే కదలడానికి వ్యవధి లేక అక్కడే చిక్కుకుపోతుంది. ఇనుప స్ఫటికాన్ని సాగదీసి పట్టి ఉంచుతుంది. గట్టిదనం, పెళుసుదనం రెండూ ఆ బిగువు నుంచే పుడతాయి.

ఇప్పుడు దర్శనాల మాటను మళ్ళీ పరిశీలించవచ్చు. అన్నంభట్టు తర్కసంగ్రహం న్యాయశాస్త్రం చదివేవారికి తొలి పాఠ్యగ్రంథం. అందులో కారణం మూడు విధాలు. వస్త్రానికి దారాలు సమవాయి కారణం, దారాల కలయిక అసమవాయి కారణం, మగ్గం వంటివి నిమిత్త కారణం. రెండోదాన్ని విడిగా లెక్కించడంలో ఒక సూక్ష్మమైన చూపుంది. దారాలు ఉంటే చాలదు, అవి కలిసిన తీరు కూడా వస్త్రానికి కారణమేనని అది ఒప్పుకుంటుంది. ఉక్కు విషయంలో ఇనుము, కర్బనం సమవాయి కారణాలైతే, వాటి అమరిక అసమవాయి కారణం. కొలిమి, నీరు నిమిత్తాలు. రెండు ముక్కల్లో మొదటి కారణం ఒకటే. రెండోది వేరైంది, దానితో వస్తువే వేరైంది. నైయాయికులకు స్ఫటిక నిర్మాణం తెలుసని చెప్పడం సరికాదు. బంగారాన్ని వారు పృథివిలో కాక తేజస్సులో చేర్చారు. ఎంత వేడి చేసినా, నెయ్యి ద్రవత్వం నశించినట్టు దాని ద్రవత్వం నశించకపోవడం వారు చూపిన హేతువు. ఆ వర్గీకరణను నేటి రసాయనశాస్త్రం అంగీకరించదు. కానీ కారణాలను విడదీసి అడిగిన పద్ధతి ఇప్పటికీ పనికొస్తుంది.

పచ్చి కుండను కాల్చినప్పుడు ఏం జరుగుతుందన్న దానిపై కూడా ఆ సంప్రదాయంలో రెండు పక్షాలున్నాయి. వైశేషికుల పీలుపాకవాదం ప్రకారం కుండ పరమాణువులుగా విడిపోయి, వాటి రంగు మారి, మళ్ళీ కుండగా కూడుతుంది. నైయాయికుల పిఠరపాకవాదం ప్రకారం కుండ కుండగానే ఉండి రంగు మారుతుంది. కొలిమిలోని ఉక్కు రెండు పక్షాలకూ కొంత చోటిస్తుంది. కడ్డీ ఆకారం చెదరదు. లోపల మాత్రం పాత స్ఫటికాలు నశించి కొత్తవి పుడతాయి.

అమరికే అంతటిదైతే, ఆ అమరికకు దారితీసిన క్రమం తెలియకుండా పదార్థం తెలిసినట్టు కాదు. తెలంగాణలో నిజామాబాద్ ప్రాంతంలోని కోనసముద్రం ఇందుకు నిదర్శనం. అక్కడ మూసల్లో తయారైన ఉక్కు ముద్దలను పారశీక వర్తకులు వచ్చి కొనుక్కుపోయేవారు. దక్షిణ భారతపు ఉక్కుతో చేసిన కత్తుల మీద నీటి అలల్లాంటి చారలు తేలేవి. ఆ రహస్యం కోసం మైకేల్ ఫెరడే 1819 ప్రాంతంలో ప్రయోగాలు మొదలుపెట్టి, అల్యూమినియం వంటి మూలకాలను కారణంగా అనుమానించాడు. అది నిలవలేదు కానీ, మిశ్రమ ఉక్కుల అధ్యయనానికి ఆ ప్రయోగాలే తొలి అడుగులయ్యాయి. ఖనిజంతో పాటు వచ్చిన వనాడియం వంటి మూలకాలు, శాతంలో వందో వంతు కన్నా తక్కువగా ఉన్నా, కార్బైడును వరుసలుగా చేరుస్తాయని వెర్హోవెన్, పెండ్రే తదితర పరిశోధకులు 1998లో చూపారు. కమ్మరుల చేతిలో క్రమం ఉంది, కారణ వివరణ లేదు. ఫెరడే దగ్గర రసాయన విశ్లేషణ ఉంది, ఆ క్రమం లేదు. రెండూ కలిసినచోటే పరిశోధన మొదలవుతుంది.

ఆ కలయికకు నేడు విశ్వవిద్యాలయం నెలవు. మన దేశంలో లోహశాస్త్ర బోధన 1923లో బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో మొదలైంది. బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో 1945లో ఈ విభాగం ఏర్పడింది. తెలుగునాట వరంగల్ ఎన్‌ఐటీ, హైదరాబాద్ ఐఐటీ, హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఈ రంగంలో పీహెచ్‌డీ చేయిస్తున్నాయి. ఇంజినీరింగ్ చదివినవారు గేట్ ద్వారా, భౌతిక, రసాయన శాస్త్రాల్లో ఎమ్మెస్సీ చేసినవారు నెట్ ద్వారా ఇందులోకి రావచ్చు. జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం చదివిన పల్లె రామారావు లోహశాస్త్రవేత్తగా ఎదిగి, రక్షణ లోహశాస్త్ర పరిశోధన ప్రయోగశాలకు (డీఎంఆర్‌ఎల్) డైరెక్టరుగా, హైదరాబాద్ విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా పనిచేశారు. అడుగుపెట్టిన శాస్త్రం ఏదైనా ఈ రంగం తలుపు మూయదనడానికి ఆయన జీవితం తార్కాణం.

పీహెచ్‌డీ తరవాత బోధనతో పాటు ప్రయోగశాలల దారులూ ఉన్నాయి. హైదరాబాద్‌లోనే రక్షణ లోహాలకు డీఎంఆర్‌ఎల్, లోహపు పొడులకు, ఉపరితల పూతలకు ఏఆర్‌సీఐ, ప్రత్యేక మిశ్రమ లోహాలకు మిధాని, అణు ఇంధనానికి ఎన్‌ఎఫ్‌సీ ఉన్నాయి. కల్పాక్కంలో రియాక్టర్ పదార్థాల మీద, జంషెడ్‌పూర్ జాతీయ లోహశాస్త్ర ప్రయోగశాలలో ఖనిజాలు, లోహాల మీద పని జరుగుతుంది. విమాన ఇంజను బ్లేళ్ళు, బ్యాటరీలు, ఎముకల్లో అమర్చే టైటానియం, హైడ్రోజన్ సోకి పెళుసెక్కే ఉక్కు, లోహాల త్రీడీ ముద్రణ ఇప్పుడు చురుకుగా ఉన్న అంశాలు.

ఈ వృత్తి కోరే గుణాలు పై చర్చ నుంచే తేలతాయి. గుణాలన్నీ పదార్థంలో ముందే ఉండి ఉంటే పరిశోధకుడు తవ్వి తీసేవాడు మాత్రమే అయ్యేవాడు. అన్నీ కొత్తగా పుట్టేవే అయితే అతను ఇష్టం వచ్చినట్టు సృష్టించేవాడయ్యేవాడు. నిజానికి అతను నిమిత్త కారణాల్లో ఒకడు. పదార్థం ఒప్పుకునే హద్దుల్లో క్రమాన్ని వెతకడం అతని పని. అందుకు వినయం కావాలి, ఎందుకంటే పదార్థం అతని సిద్ధాంతానికి లోబడదు. నిజాయితీ కావాలి, ఎందుకంటే విరిగిన నమూనా కూడా ఒక సాక్ష్యం. దాన్ని దాచిన ఫలితం ఎక్కడో ఒక వంతెనలోనో, గుండె కవాటంలోనో మనిషి ప్రాణానికి ముప్పవుతుంది. నిమిత్తం కనుక బాధ్యత కూడా ఉంది. అదే ఉక్కు నాగలి కర్రూ అవుతుంది, ఫిరంగి గొట్టమూ అవుతుంది. ఎందుకు చేయాలన్నది లోహం చెప్పదు, చేసేవాడే తేల్చుకోవాలి.

ఇనుములో ఉక్కు ముందే ఉందా అంటే, ఉక్కు కాగల శక్తి ఉంది, ఉక్కు గుణం లేదు. శక్తి విషయంలో సాంఖ్యులు, కొత్తదనం విషయంలో నైయాయికులు సరిగానే చూశారు. వికారం పేరుకే అన్న మాట పరమార్థ విచారణలో నిలవవచ్చు. వ్యవహారంలో మాత్రం ఆకురాయికి లొంగిన ముక్క, లొంగని ముక్క ఒకటి కావు. శక్తికీ గుణానికీ నడుమ ఉన్నది క్రమం. ఆ క్రమాలు లెక్కకు అందనన్ని. వాటిని వెతకడానికి ఒక జీవితాన్ని వెచ్చించడం సార్థకమైన పని.