పాత గ్రంథములను ఏమి చేయవలెను?

పాత బైబిలును తూకమునకు అమ్ముట పాపమా? ఈ ప్రశ్న మన గ్రామసంఘములలో తరచుగా వినబడుచున్నది. పెంకుటిల్లు తీసి డాబా వేయునప్పుడో, పింఛను పుచ్చుకొనుచుండిన ముసలి ఉపాధ్యాయుడు ప్రభువునందు నిద్రించినప్పుడో అటకమీది ట్రంకుపెట్టె క్రిందికి దిగును. మూత తీయగా అట్టలూడిన బైబిలు, రెండుమూడు కీర్తనల పుస్తకములు, ఆదివారపు బడి పాఠములు, పిల్లల లెక్కల పుస్తకములు, త్రాడుతో కట్టిన మాసపత్రికలు కనబడును. ఉంచుటకు చోటు లేదు. పారవేయుటకు చేయి రాదు.

మన డెల్టాలో ఈ సంగతిని ఎక్కువకాలము వాయిదా వేయుటకు వీలులేదు. తేమయు చెదలును మన నిర్ణయము కొరకు కనిపెట్టవు. 1977 నవంబరు 19న దివిసీమ మీదికి ఉప్పెన వచ్చినప్పుడు వేల ప్రాణములే పోయెను. పుస్తకముల లెక్క ఎవరు చూతురు? 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగునగరు ఇండ్లలో నీరు నిలిచినప్పుడు పిల్లల చదువు పుస్తకములును తడిసి ముద్దలాయెను.

మన పొరుగువారికి ఈ విషయమై మంచి ఆచారములున్నవి. పుస్తకమునకు కాలు తగిలినయెడల కన్నులకు అద్దుకొందురు. మనలోను అనేకులు ఆలాగే చేయుదురు, అందులో తప్పేమియు లేదు. శిథిలమైన గ్రంథములను కృష్ణలో విడుచువారు కలరు. యూదులు దేవుని నామము వ్రాసిన కాగితమును చింపివేయరు. సమాజమందిరపు గదిలో దాచి, పిమ్మట భూమిలో పాతిపెట్టుదురు. కైరో పట్టణములోని ఒక సమాజమందిరమందు అట్టి గదిలో వందల సంవత్సరములుగా పోగైన కాగితములను 1896-97 సంవత్సరములలో సాలమన్ షెక్టరు అను పండితుడు పరిశోధించి కేంబ్రిడ్జికి చేర్చగా, వాటిలో లేఖనభాగములే గాక పెండ్లి ఒడంబడికలు, వర్తకుల ఉత్తరములు, పసిపిల్లలు అక్షరములు దిద్దుకొనిన కాగితములు కూడ దొరికెను.

అయితే మనము కాగితమును పూజించువారము కాము. రాజైన యెహోయాకీము చలికాలపు నగరులో కూర్చుండి, యిర్మీయా చెప్పగా బారూకు వ్రాసిన చుట్టను చాకుతో కోసి కుంపటిలో వేసెను. దేవుని మాట కాలిపోయెనా? బారూకు మరల వ్రాసెను, మునుపటికంటె ఎక్కువ మాటలు చేర్చబడెను. రాజు దోషము సిరాను కాగితమును కాల్చుటలో లేదు. చదువబడిన మాటను వినకపోవుటలో నున్నది. అట్లని గ్రంథము చులకన వస్తువును కాదు. పౌలు మరణమునకు సమీపించి చెరలో నుండియు త్రోయలో కర్పునొద్ద విడిచివచ్చిన అంగీతో పాటు పుస్తకములను, ముఖ్యముగా చర్మపు కాగితములను తెమ్మని తిమోతికి వ్రాసెను. చలికి అంగీ ఎంత అవసరమో ఆయనకు పుస్తకములంత అవసరము.

దివి ప్రాంతములో ఒక గ్రామమందు జరిగిన సంగతి చెప్పెదను. సువార్తికుడుగా పనిచేసి మృతినొందిన యొకని భార్య, ఆయన పెట్టెలోని పుస్తకములన్నియు పాత కాగితముల వానికి అమ్మెను. వాటిలో రెండు బైబిళ్లుండెను. సంఘపెద్ద యొకరు ఆరాధన ముగిసిన తరువాత పదిమందిలో, దేవుని వాక్యమును కిలోల లెక్కన అమ్ముకొన్నదని ఆమెను గద్దించెను. ఆమె రెండు నెలలు ప్రభువు బల్లకు రాలేదు. నేను వెళ్లి అడుగగా ఆమె చెప్పిన మాట యిది: "అయ్యగారూ, నాకు చదువు రాదు గదా. ఆ పెట్టెలో ఏముందో నాకేం తెలుసు? మందులకు డబ్బు కావలసి వచ్చింది."

చదువరులారా, ఇక్కడ కొంచెము నిలిచి ఆలోచించుడి. ఆ పుస్తకములు ఆ యింటిలో ముప్పది సంవత్సరములుండెను. చదువుకొన్న భర్త, చదువుకొన్న పెద్దలు, బడి గల సంఘము ఆమె చుట్టునుండెను. ఆమెకు అక్షరములు నేర్పినవాడు ఒక్కడును లేడు. ఆ బైబిళ్లకు అవమానము తూకపు రాళ్ల యొద్ద జరిగినదా, అంతకుముందే ఆ యింటిలోనే జరిగినదా? గద్దించిన పెద్దమనిషి ఆ పుస్తకములు తానే కొనెదనని చెప్పియుండవచ్చును, మందులకు సొమ్ము ఇచ్చియుండవచ్చును. ఆయన చేసినది గద్దింపు ఒక్కటే. నా మట్టుకు, ఆ విధవరాలియందు పాపమేమియు కనుగొనలేదు. ఆమెను బల్లయొద్దకు రమ్మని బతిమాలితిని. ఆ పాత కాగితముల వాడును కష్టజీవియే. వానికి చేరిన కాగితము నాని, గుజ్జై, మరల అట్టగానో కాగితముగానో వచ్చును.

పుస్తకమునకు చేయదగిన మర్యాద చదువరిని వెదకుట. తూకము చివరి మార్గము; మొదటి మార్గము కాదు. విజయవాడ లెనిన్ సెంటరులో పాత పుస్తకముల అంగళ్లున్నవి. పాఠ్యపుస్తకములను బడులు తెరచు జూన్ నెలకు ముందే తీసికొనిపొండి. పాఠ్యప్రణాళిక మారిన పిమ్మట వాటి నెవరును ముట్టరు. మరల అచ్చుకాని తెలుగు పుస్తకములకు వేరే గిరాకి యుండును గనుక వాటిని లెక్కల పుస్తకములతో కలిపి ఒకే బేరముగా అమ్మవద్దు. అంగడివాడు తక్కువ ధర చెప్పెనని కోపపడవద్దు. అది అమ్ముడుపోవువరకు ధూళి దులుపుచు ఉంచవలసినవాడు అతడు.

చదువరిని వెదకు విషయమున మన ప్రాంతము ఒకప్పుడు దేశమునకే దారి చూపెను. 1911లో బెజవాడలో రామమోహన గ్రంథాలయము ఏర్పడెను; 1914లో ఆంధ్రదేశపు గ్రంథాలయముల వారు అదే ఊరిలో సభ కూడిరి. 1935లో పెదపాలెపు పాతూరి నాగభూషణం గారు కాలువ పడవలో గ్రంథాలయము నడిపించిరి. ప్రయాణికుడు పుస్తకము నొద్దకు పోనక్కరలేదు. పుస్తకమే పడవ యెక్కి వాని యొద్దకు వచ్చెను. అంతకుముందు నూరేండ్ల క్రిందట, మచిలీపట్నములోను రాజమహేంద్రవరములోను ఉద్యోగము చేసిన బ్రౌను దొర, ఒక పాదిరి కుమారుడు, ఎవరికిని అక్కరలేక చెదలు తినుచున్న తాళపత్రములను సొంత డబ్బుతో సేకరించి, పండితులచేత దిద్దించి, శుద్ధప్రతులు వ్రాయించెను. అవి క్రైస్తవ గ్రంథములు కావు. అయినను మన తెలుగునకు ఆయన చేసిన మేలు మనమెరుగుదుము.

అందరికిని ఇచ్చివేయుటయే మంచిదని కొందరందురు. దానమను పేరుతో వదిలించుకొనుట మనలో చాల జరుగుచున్నది. తెలుగే తడబడుచు చదువు పిల్లలున్న వసతిగృహమునకు అట్టలూడిన ఇంగ్లీషు వ్యాఖ్యానములు బస్తాలతో పంపుదురు. వార్డెను మొగమాటమునకు కాదనలేడు. మన అటకమీది బరువు వారి అటకమీదికి పోవును, మనకు దాతలమను పేరు మిగులును. ఒకని చేతికి ఒక పుస్తకము, ఇది నీ కొరకని చెప్పి ఇచ్చుట వేరు. ఆలాగున నాలుగు పుస్తకములు ఇచ్చి నలువది తూకమునకు వేసినవాడు నా దృష్టికి మెరుగైన పని చేసెను.

ఎవరికిని అమ్మకూడని పుస్తకములును గలవు. ఎఫెసులో విశ్వసించినవారు మాంత్రిక గ్రంథములు తెచ్చి కాల్చినప్పుడు వాటి వెల ఏబదివేల వెండి రూకలని తేలెను. అమ్మి ఆ సొమ్ము బీదలకియ్యవచ్చునని వారు తలంచలేదు, ఏలయనగా కొన్నవాడు మోసపోవును. లోకాంతమునకు సంవత్సరము లెక్కకట్టి, ఆ సంవత్సరము దాటిపోయిన పుస్తకములు మన పెట్టెలలోను లేకపోలేదు. వాటిని పొయ్యిలో పెట్టుడి.

ఏ పుస్తకమైనను ఇంటినుండి పోకముందు మొదటి పుటలు తిప్పి చూడుడి. మన పెద్దలు పుట్టిన తేదీలు, బాప్తిస్మములు, పెండ్లిండ్లు బైబిలు మొదటి పుటలలో వ్రాసికొనెడివారు. పొలము సరిహద్దులు వ్రాసినవారును కలరు. వాటిని వేరే నోటుపుస్తకములోనికి దింపుకొనుడి. చదువుటకు పనికిరాని లేఖనభాగములను కాల్చినను పాతిపెట్టినను దోషము లేదు. సంఘపు బాప్తిస్మపు రిజిష్టరులు, సభల మినిట్సు పుస్తకములు మాత్రము ఎంత చివికినను ఎవరి సొంతమును కావు గనుక, కాపరి గాని పెద్దలు గాని వాటిని తూకమునకు వేయ తగదు. బెంగుళూరులోని యునైటెడ్ థియొలాజికల్ కళాశాలలో సంఘచరిత్ర పత్రములను భద్రపరచు శాఖ గలదు. మీ యొద్ద అట్టివి యున్నయెడల వానలు రాకముందే పెట్టె తెరచి చూచి, ముందుగా ఆ కళాశాలకు ఒక ఉత్తరము వ్రాయుడి.