రేకు డబ్బాలోని బొమ్మలు

చదువవలసిన భాగము: మత్తయి 1:1–17



మా తాతగారు సువార్తికులు. కోరుట్ల చుట్టుప్రక్కల పల్లెలలో వారితో కలిసి తిరిగిన ఒక మిషనరీ స్వదేశమునకు మరలిపోవునప్పుడు 40 స్లైడులను ఒక బిస్కట్ల డబ్బాలో పెట్టి వారి చేతికిచ్చెనట. స్లైడు అనగా రెండంగుళముల అట్ట చట్రములో బిగించిన రంగుల ఫిల్ము ముక్క. అందలి బొమ్మ 24 మిల్లీమీటర్లు ఒక ప్రక్క, 36 మిల్లీమీటర్లు మరియొక ప్రక్క. గోడకు తెల్లగుడ్డ కట్టి దీపపు యంత్రముతో చూపినగాని అది పెద్దదిగా కనబడదు. మా ఇంట అట్టి యంత్రము ఎన్నడును లేదు. కాబట్టి ఇన్నేండ్లును మావారు తమ బొమ్మలను కిటికీ వెలుగునకెత్తి, ఒంటికన్నుతో చూచుచు వచ్చిరి.

ఈ వేసవిలో వాటిని కంప్యూటరులోనికి ఎక్కించుటకు పూనుకొంటిమి. ఒక అట్టపెట్టె పైన స్లైడు పట్టునంత కన్నము చేసి, లోపల తెల్లని దీపముంచి, నడుమ పాలరంగు ప్లాస్టికు రేకు అడ్డుపెట్టి, పైనుండి ఫోనుతో దగ్గరగా తీసితిమి. నేను చేసిన తప్పు మీరు చేయకుడి. మొదటి స్లైడుమీది బూజును తడిగుడ్డతో తుడిచితిని. ఆకాశమంతయు గీతలు పడెను. దుమ్మును గాలితో ఊదవలెనేగాని రుద్దరాదు. బొమ్మ తిరగబడినదో లేదో తెలియనిచో సైకిలు గొలుసు చూడుడి. అది సైకిలునకు ఎడమప్రక్కన కనబడినచో స్లైడును త్రిప్పి పెట్టితిరన్నమాట.

చాల అట్టలమీద కొడాక్రోమ్ అని అచ్చువేసియున్నది. 1936లో ఈ కొలతలో వచ్చిన ఆ ఫిల్మును 2009లో చేయుట మానివేసిరి. దానిని కడుగు చివరి దుకాణము, అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రమందున్నది, 2010 సంవత్సరాంతమున ఆ పని నిలిపెను. ఆ రంగులు చీకటిలో ఏండ్లతరబడి నిలుచును. యంత్రపు దీపములో మాటిమాటికి చూపినచో వెలిసిపోవును. మా బీదతనమే మా బొమ్మలను కాపాడినది! వేరొక రకపు స్లైడులు ఆరు మాత్రము ఎర్రబారియుండెను. కంప్యూటరులో ఆ ఎరుపు తగ్గించి, చెట్ల పచ్చదనమును మరల తెచ్చితిమి.

23వ స్లైడునొద్ద తగవు పుట్టినది. అట్టమీద పెన్సిలుతో 1966 అని యున్నది. చింతచెట్టు క్రింద తాతగారు, నాయనమ్మ, పిల్లలు. ఒక ప్రక్కగా తాతగారి సైకిలు పట్టుకొని మా పెద్దనాయన. అప్పటికి ఆయనకు పదునెనిమిదేండ్లు. తరువాత ఆయన త్రాగుడులో పడి, పొలము కుదువబెట్టి, భార్యను చంటిబిడ్డను విడిచి భీవండి మగ్గములకు పోయెను, మరల రాలేదు. ఆ అప్పు మా నాయన పన్నెండేండ్లు కట్టిరి.

“వాడెందుకు? తీసెయ్యి బిడ్డా,” అనిరి నాయన.

నా కుమారుడు ఫోనుమీద వ్రేలితో చుట్టు గీచెను. పెద్దనాయన పోయెను, సైకిలు పోయెను, ఆ చోట చింతచెట్టు మొదలు వచ్చెను. అతుకు కనబడలేదు. నాకు భయము వేసినది.

ఎరుపు తీసినవాడవు మనిషిని తీయుటకు ఏల జంకుచున్నావని నన్ను నేనే అడుగుకొంటిని. ఎరుపు ఆ దినమున చెట్టుక్రింద లేదు. కాలము దానిని తెచ్చినది. పెద్దనాయన ఆ దినమున అక్కడ నిలిచియుండెను. అంతేగాక, 1966లో ఆయన ఇంకను ఎవరి పొలమును కుదువబెట్టలేదు. తరువాతి పాపమునకు ఆ సైకిలు పట్టుకొన్న యౌవనుని శిక్షించితిమి.

మత్తయి ప్రభువు వంశావళి వ్రాయుచు తామారును, రాహాబును దాచలేదు. సొలొమోను తల్లి పేరు చెప్పక, ఊరియా భార్యగానే ఆమెను సూచించెను. దావీదు ఇంటి గాయమునకు కట్టు కట్టలేదు. ఈ మాట సంఘములో చెప్పగా ఒక పెద్ద లేచి, “అయ్యగారూ, యెహోరాముకు ఉజ్జియాకు నడుమ ముగ్గురు రాజులను మత్తయి విడిచిపెట్టలేదా?” అనెను. మంచి ప్రశ్న. విడిచిపెట్టెను. అయితే ఆ ముగ్గురు దినవృత్తాంతములలో ఉన్నారు, కావలసినవాడు పోయి చదువుకొనవచ్చును. గోడకు కట్టు పటములో ఎవరుండవలెనో ఇంటివారు ఏర్పరచుకొనుట వేరు, ఎన్నడును లేరని చూపుట వేరు.

నాయన నొప్పిని నేను తేలికగా ఎంచను. పన్నెండు పంటలు ఇతరుని అప్పునకు ధారపోసినవానికి క్షమాపణ బోధించుటకు నాకు నోరు రాలేదు. “నీ గదిల కట్టను నాయినా, కాని చెరపను,” అంటిని. ఆయన ఏమియు పలుకలేదు.

పెద్దనాయన కుమార్తె సిరిసిల్లలో బీడీలు చుట్టి బ్రతుకుచున్నది. ఆ ఇంట ఆయన పటము ఒకటియు లేదు. మార్చని బొమ్మను జగిత్యాలలో అచ్చువేయించి ఆమెకు తీసికొనిపోతిని. ఒడిలోని చేట ప్రక్కకు పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకొని, చాలసేపు చూచినది.

“తమ్మీ, సైకిల్ పట్టుకున్నది మా నాయిననేనా?”

“అవునక్కా.”

“నా కొడుకు గూడ గిట్లనే నిలవడ్తడు,” అని, లోపలనున్న కొడుకును కేక వేసినది.